పాత ఫ్లయింగ్ బోట్ ప్రమాదాన్ని నావికుడిలా చదవడం ఎలా

ఫ్లయింగ్ బోట్ అంటే పడవలాంటి పొట్టతో నీళ్ల మీదే లేచి నీళ్ల మీదే దిగే విమానం. వాటి ప్రమాదాల గురించి చదివేవాళ్లలో చాలామంది ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతారు: ఇంజన్ ఎందుకు ఆగింది? నేను ఓడల మీద డెక్ ఆఫీసరుగా చేసి రిటైరైనవాణ్ణి. నాకు అది సగం ప్రశ్నలాగే కనిపిస్తుంది. విమానం నీళ్లను తాకేదాకా అది పైలట్ల సంగతి. తాకిన క్షణం నుంచీ అది నడిసముద్రంలో పొట్ట పగిలిన చిన్న పడవ. మనుషులు పోయేది ఎక్కువగా అక్కడే. కానీ 1920, 30ల నాటి ప్రమాదాల మీద రాసే వ్యాసాలు ఆ రెండో సగాన్ని నాలుగు వాక్యాల్లో తేల్చేస్తాయి. దాన్ని మీ అంతట మీరే కాగితం మీద ఎలా కట్టుకోవచ్చో చెప్తాను.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఒక పెద్ద గ్రాఫ్ కాగితం, పెన్సిల్, రబ్బరు, వృత్తం గీసే కంపాస్, ఆ సముద్రం మ్యాపు. వీటితోపాటు ఆ సంవత్సరం పంచాంగం. నవ్వకండి, పంచాంగం పని తర్వాత తెలుస్తుంది.

పద్ధతి చూపించడానికి ‘కావలియర్’ను తీసుకుంటున్నాను. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ అనే అప్పటి బ్రిటిష్ విమాన కంపెనీ వాళ్ల షార్ట్ ఎంపైర్ రకం ఫ్లయింగ్ బోట్. నాలుగు బ్రిస్టల్ పెగాసస్ ఇంజన్లు. దాన్ని ముక్కలుగా ఓడలో అట్లాంటిక్ దీవి బెర్ముడాకు తెచ్చి అక్కడే బిగించారు. 1937 నుంచి బెర్ముడా, న్యూయార్క్‌ల మధ్య తిరిగింది. 1939 జనవరి 21న లాంగ్ ఐలాండ్‌లోని పోర్ట్ వాషింగ్టన్ నుంచి ఎనిమిది మంది ప్రయాణికులు, ఐదుగురు సిబ్బందితో బెర్ముడాకు బయల్దేరింది. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో, న్యూయార్క్‌కు ఆగ్నేయంగా దాదాపు 285 మైళ్ల దూరంలో, ఇంజన్లు శక్తి కోల్పోయి సముద్రం మీద దిగింది. కాసేపట్లోనే మునిగిపోయింది. పదముగ్గురిలో పదిమంది దాదాపు పది గంటలు నీళ్లలో ఉండి, రాత్రి ‘ఎస్సో బేటౌన్’ అనే చమురు ట్యాంకరు చేతికి దొరికి బతికారు. ఇద్దరు ప్రయాణికులు, ఒక స్టువార్డ్ పోయారు.

ఇప్పుడు గ్రాఫ్ కాగితం మధ్యలో అడ్డంగా ఒక లావు గీత గీయండి. అది నీటి గీత. పైన విమానం గాల్లో ఉన్న కాలం, కింద నీళ్ల మీద ఉన్న కాలం. ఎడమ పక్కన గంటలు వేయండి. కావలియర్ విషయంలో పైభాగం రెండు గంటల పైచిలుకు, కిందిభాగం పది గంటలు. కాగితం మీద ఆ నిష్పత్తిని అలాగే ఉంచండి, కుదించకండి. గీత గీయగానే తేడా కళ్లకు కడుతుంది. వ్యాసాలు పదిలో తొమ్మిది పాళ్లు రాసేది పై ముక్క గురించే.

గంటలు వేసేటప్పుడు ముందు గడియారం తేల్చుకోండి. ఈ ఒక్క ప్రమాదానికే మూడు గడియారాలున్నాయి. న్యూయార్క్ పేపర్లది ఒకటి, దానికంటే గంట ముందుండే బెర్ముడాది ఇంకొకటి, ఐదు గంటలు ముందుండే లండన్‌ది మూడోది. న్యూయార్క్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకు జరిగింది లండన్ పేపర్లో సాయంత్రం ఆరు అని పడుతుంది. రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని కలిపేస్తే మనుషులు పది గంటలు నీళ్లలో ఉన్నారో ఐదు గంటలే ఉన్నారో తేలదు. ఏదో ఒక్క గడియారం ఎంచుకుని అన్నిటినీ దానిలోకి మార్చండి. దూరాలదీ ఇదే తంతు. పేపర్లలో మైళ్లు నేల మీద లెక్కేసే మైళ్లు, ఓడల వాళ్లవి వాటికంటే కాస్త పొడుగైన నాటికల్ మైళ్లు. 285 నేల మైళ్లంటే సుమారు 248 నాటికల్ మైళ్లు. ఓడ వేగంతో భాగించే ముందు ఈ మార్పు చెయ్యాల్సిందే.

పై సగానికి ఎక్కువ సేపు పట్టదు. కావలియర్‌కు జరిగింది కార్బ్యురేటర్లలో, అంటే ఇంజనుకు గాలినీ పెట్రోలునీ కలిపి ఇచ్చే భాగాల్లో, మంచు పేరుకోవడం. కార్బ్యురేటర్ గొంతులో గాలి వేగంగా దూరుతుంది, పెట్రోలు ఆవిరవుతుంది. రెండూ కలిసి లోపలి వేడిని ఇరవై డిగ్రీల దాకా పడగొట్టగలవు. బయట చలి గడ్డకట్టించేంత లేకపోయినా, గాలిలో తేమ ఉంటే చాలు, గొంతు గోడలకు మంచు పట్టి దారి ఇరుకైపోతుంది. నాలుగు ఇంజన్లున్నా ఒకే మేఘంలో ఎగిరితే నాలుగింటికీ ఒకే రోగం వస్తుంది. ఈ చివరి మాట ఒక పక్కన రాసుకోండి. ఇంజన్లు ఎన్ని ఉంటే అంత భద్రం అనే లెక్క ఒక ఇంజను విడిగా పాడైనప్పుడే పనిచేస్తుంది. 1935 డిసెంబరు 31న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవు దాదాపు అందుకోబోతుండగా ‘సిటీ ఆఫ్ ఖార్టూమ్’ అనే ఫ్లయింగ్ బోట్ మూడు ఇంజన్లూ ఆగిపోయాయి. అక్కడ ఇంజన్లకు ఇంధనం అందలేదు. ఉమ్మడి కారణం ముందు మూడైనా నాలుగైనా ఒక్కటే.

పై భాగంలో ఇంకొక్కటే చూడండి: వైర్‌లెస్ సందేశాలు. కిందికి దిగబోతున్నామని కావలియర్ ముందుగానే చెప్పగలిగింది. దిగాక కూడా మాట్లాడింది. దాని చివరి మాట ‘మునుగుతున్నాం’ అని. ఒక్కో సందేశాన్నీ దాని సమయం దగ్గర చుక్క పెట్టి రాయండి. ఆ చుక్కలు కింది సగంలో అవసరం పడతాయి, ఎందుకంటే వెతికే ఓడకు తెలిసినదంతా ఆ చుక్కల్లోనే ఉంది.

ఇక నీటి గీత దాటండి. మొట్టమొదట రాయాల్సింది సముద్రం ఎలా ఉందన్నది. ‘సముద్రం అల్లకల్లోలంగా ఉంది’ అని పేపరు రాస్తే సరిపోదు. గాలికి అప్పటికప్పుడు లేచే అల వేరు, ఎక్కడో వందల మైళ్ల అవతల పుట్టి నడిచొచ్చే పొడుగాటి స్వెల్ వేరు. ఈ రెండోది పైనుంచి చూసేవాడి కంటికి పెద్దగా ఆనదు. ఓడ బ్రిడ్జి (ఓడను నడిపించే పై గది) మీద నిలబడి చూస్తే తెలుస్తుంది: నున్నగా, నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు వస్తుంది, మొత్తం ఓడను ఎత్తి పక్కకు పెడుతుంది. పైలట్ గాలికి ఎదురు దిగాలి, వేగం తగ్గుతుంది కాబట్టి. స్వెల్‌కు మాత్రం ఎదురు దిగకూడదు, దాని వరసల వెంబడే దిగాలి. గాలి, స్వెల్ ఒకే దిక్కు నుంచి వస్తే ఏదో ఒక నియమం తప్పాల్సిందే. ఇంజన్లు బాగుంటే ఒక చుట్టు తిరిగి చూసి ఎంచుకోవచ్చు. శక్తి పోయిన విమానానికి దొరికేది ఒక్క అవకాశం.

వేగాన్ని కూడా దెబ్బ లెక్కలో చూడండి. నీళ్లు గాలి కంటే సుమారు ఎనిమిది వందల రెట్లు చిక్కన. దెబ్బ వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. ఫ్లయింగ్ బోట్ పొట్ట పల్చటి రేకు. రేవులో, నదిలో, చిన్న చిన్న అలల మీద జారడానికి చేసిన పొట్ట అది. స్వెల్ ముఖానికి కొట్టుకుంటే అతుకులు విడిపోతాయి. రెక్కల చివర వేలాడే చిన్న ఫ్లోటు ఒకటి ఊడితే ఆ రెక్క నీళ్లలోకి వాలుతుంది, ఇక విమానం నిటారుగా నిలవదు. ‘ఫ్లయింగ్ బోట్ కదా, ఎక్కడైనా దిగొచ్చు’ అని ఆ కాలపు పోస్టర్లు చూసి నమ్మినవాళ్లు కోకొల్లలు. నడిసముద్రంలో ఆ మాట చెల్లదు.

దానికి గట్టి సాక్ష్యం కావాలంటే ‘సిటీ ఆఫ్ రోమ్’ అనే ఫ్లయింగ్ బోట్‌ను తీసుకోండి. 1929 అక్టోబరు 26న తుఫాను గాలిలో ఇటలీలోని స్పెజియా దగ్గర సముద్రం మీద దిగింది. దిగడం దిగింది, తేలింది కూడా. దాన్ని తాడు కట్టి లాగుకొస్తుండగా రాత్రివేళ మునిగిపోయింది. లోపల ఉన్న ఏడుగురూ పోయారు. సాయం పక్కనే ఉంది, తాడు కట్టి ఉంది. అయినా ఒక్కరూ దక్కలేదు. దాని కాగితం గీస్తే పై సగంలో చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. కథంతా గీత కిందే.

తర్వాతి పని, మనుషులు ఎక్కడెక్కడ కూర్చున్నారో బొమ్మ గీయడం. ఆ రకం విమానం నమూనా బొమ్మ ఎక్కడైనా దొరుకుతుంది. తలుపులు, పై కిటికీలు, పైలట్ గది గుర్తు పెట్టండి. నీళ్లు ఎటునుంచి వస్తాయో బాణం గీసి చూడండి. మామూలుగా బయటికి పోయే తలుపు దగ్గరికే నీళ్లు ముందు వస్తాయి.

ఇక్కడ ‘కొలంబస్’ అనే ఫ్లయింగ్ బోట్ చాలా నేర్పుతుంది. ఏరోమెరీన్ అనే అమెరికన్ కంపెనీ 1920 నుంచే ఫ్లోరిడాలోని కీ వెస్ట్, క్యూబాలోని హవానాల మధ్య ప్రయాణికుల్ని తిప్పింది. దాదాపు 90 నాటికల్ మైళ్ల దారి. అమెరికాలో మద్యనిషేధం నడుస్తున్న రోజులు కాబట్టి హవానాకు గిరాకీ బాగానే ఉండేది. యుద్ధకాలపు ఎఫ్-5-ఎల్ అనే నావికాదళ ఫ్లయింగ్ బోట్లను మార్చి ప్రయాణికులకు వీలుగా చేశారు. రెండు లిబర్టీ ఇంజన్లు, పొట్ట చెక్కది. ప్రయాణికులు మూసిన క్యాబిన్లలో, పైలట్లు బయట గాలికి. 1923 జనవరి 13న ఇంజను చెడి కొలంబస్ ఫ్లోరిడా జలసంధిలో దిగింది. పెద్ద అలలకు పొట్ట నీళ్లతో నిండింది. నలుగురు పోయారు, నలుగురూ ప్రయాణికులే. మిగతావాళ్లను కీ వెస్ట్, హవానాల మధ్య రైలు పెట్టెలు మోసే ‘హెన్రీ ఎం. ఫ్లాగ్లర్’ అనే ఫెర్రీ ఎక్కించుకుంది. పోయినవాళ్లందరూ ప్రయాణికులే అని చదవగానే బొమ్మ తీసి చూడండి. ఎవరి తల పైన ఆకాశం ఉంది, ఎవరి తల పైన కప్పు ఉంది? మరణానికి అదొక్కటే కారణమని నేననను. కానీ ఆ ప్రశ్న అడక్కుండా కాగితం మడిచెయ్యకూడదు.

ఇప్పుడు తేలే సరంజామా. ఏముంది, ఎక్కడ పెట్టారు, ఎవరికి వాడడం తెలుసు? కావలియర్ వాళ్లు తేలే సీటు కుషన్లను పట్టుకుని, ఒకరినొకరు ఆనుకుని ఉన్నారు. పట్టుకునేదానికీ కట్టుకునేదానికీ తేడా మీ కాగితం మీద తప్పక కనబడాలి. చలికి ముందు చచ్చుపడేవి వేళ్లు. ఒంటికి కట్టుకున్న జాకెట్టు, స్పృహ తప్పినా ముఖాన్ని పైకే ఉంచుతుంది. చేతిలో పట్టుకున్న కుషను వేళ్లతోపాటే జారిపోతుంది. విచారణ నివేదిక దొరికితే దాని చివర్న ఉండే సిఫార్సుల భాగం ముందు చదవండి. ఇక మీదట ఫలానా వస్తువు ఉండాలి, ఫలానా విషయం ప్రయాణికులకు చెప్పాలి అని అక్కడ రాసి ఉంటే, ఆ రోజు అది లేదనో చాలలేదనో అనుకోవచ్చు. నివేదికలు తప్పుల్ని నేరుగా చెప్పడానికి మొహమాటపడతాయి, సిఫార్సుల్లో మాత్రం చెప్పేస్తాయి.

అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చోవాల్సింది నీళ్ల వేడి, ప్రవాహం, వెలుతురు దగ్గర. జనవరిలో న్యూయార్క్ రేవు నీళ్లు నాలుగైదు డిగ్రీలుంటాయి. ఆ నీళ్లలో పది గంటలు ఎవరూ బతకరు. మరి ఈ పదిమంది ఎలా బతికారు? మ్యాపు మీద న్యూయార్క్ నుంచి ఆగ్నేయంగా 248 నాటికల్ మైళ్లు కొలిచి చుక్క పెట్టండి. అది గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చటి సముద్ర ప్రవాహం దారిలో పడుతుంది. ఆ ప్రవాహం నీళ్లు నడిచలికాలంలో కూడా ఇరవై డిగ్రీలకు అటూఇటూగా ఉంటాయి. అదే విమానం గంట ముందు దిగి ఉంటే కాగితం కింది సగం చాలా పొట్టిగా ఉండేది.

కానీ ఆ వెచ్చటి నీళ్లే ఇంకో చేత్తో లాక్కుంటాయి. గల్ఫ్ స్ట్రీమ్ నిలబడదు. రెండు మూడు నాట్ల వేగం (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) అనుకున్నా పది గంటల్లో ఇరవై, ముప్పై నాటికల్ మైళ్లు జరిగిపోతుంది. చివరి సందేశం పంపిన చోటికి ఓడ సూటిగా వెళ్తే అక్కడ ఎవరూ ఉండరు. ప్రవాహం దిక్కుగా, అంటే అక్కడ సుమారుగా తూర్పు వైపుగా, గంటకొక చుక్క చొప్పున జరుపుతూ వెళ్లండి. ఆ చుక్కల గొలుసే వెతకాల్సిన దారి.

ఇప్పుడు పంచాంగం తీయండి. జనవరి ఆఖరులో ఆ చోట ఐదు లోపే పొద్దు గుంకుతుంది. అంటే పది గంటల్లో వెలుతురున్నది నాలుగు గంటలకు కాస్త తక్కువ. ఇక చంద్రుడు? 1939 జనవరి 20 అమావాస్య. ప్రమాదం ఆ మర్నాడు. పాడ్యమినాటి సన్నటి రేఖ సూర్యుడి వెనకే దిగిపోతుంది. అంటే ట్యాంకరు వాళ్లను పట్టుకున్నది వెన్నెల లేని చీకటి రాత్రి. ఈ సంగతి నేను పేపరు వార్తల్లో చూళ్లేదు, తిథి లెక్కలోంచి వచ్చింది. పాత ప్రమాదం ఏదైనా సరే, రాత్రి ఉందంటే తిథి చూడకుండా వదలకండి.

చీకట్లో మనిషిని వెతకడమంటే ఏంటో ఒక మాట చెప్తాను. మేం డ్రిల్ చేసేటప్పుడు నారింజ రంగు బట్టలేసిన డమ్మీని నీళ్లలో పడేసేవాళ్లం, దాన్ని ఆస్కార్ అంటారు. పట్టపగలు, అది ఎక్కడ పడిందో అందరికీ తెలిసి, ఒక మనిషిని కేవలం దాని వైపు వేలు చూపిస్తూ నిలబెట్టినా సరే, ఓడ తిరిగొచ్చేసరికి ఆస్కార్ అలల మధ్య తేలే కొబ్బరికాయలా కనబడీ కనబడకుండా ఉండేది. వేలు చూపించేవాడు రెప్పవేస్తే పోయినట్టే. రాత్రిపూట చేసే పని వేరు. ఇంజను తగ్గించి, బ్రిడ్జి పక్కన బయటికి పొడుచుకొచ్చే రెక్క మీదికి వెళ్లి, నోరు మూసుకుని చెవులు రిక్కించాలి. పదిమంది ఒకచోట ఉండి కేకేస్తే ఆ కేక ఆనుతుంది. విడిపోయి ఒక్కొక్కరూ అరిస్తే గాలి మింగేస్తుంది. వాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఉండడాన్ని పేపర్లు ధైర్యం కింద మెచ్చుకున్నాయి. ఓడవాడిగా నేను దాన్ని వెతుకులాట లెక్కలో వేస్తాను.

ఆఖరుగా దొరికించుకున్న ఓడ గురించి ఒక వృత్తం గీయండి. 12 నాట్ల వేగంతో వెళ్లే ఓడ పది గంటల్లో 120 నాటికల్ మైళ్లు వెళ్తుంది. ప్రమాదస్థలం కేంద్రంగా ఆ కొలతతో కంపాస్ తిప్పండి. ఆ వృత్తంలో ఓడ ఉండటం అదృష్టమా, ఏర్పాటా? కొలంబస్‌కు దొరికినది అదే దారిలో తిరిగే ఫెర్రీ. సిటీ ఆఫ్ ఖార్టూమ్‌లో ఉన్న పదముగ్గురిలో పన్నెండుమంది పోయారు, మిగిలిన పైలట్‌ను ఐదు గంటల తర్వాత ‘బ్రిలియంట్’ అనే బ్రిటిష్ యుద్ధనౌక తీసింది, అదీ రేవు ముంగిట్లో. 1947 అక్టోబరులో ‘బెర్ముడా స్కై క్వీన్’ అనే బోయింగ్ 314 ఫ్లయింగ్ బోట్ సంగతి మాత్రం వేరే రకం. ఎదురుగాలికి ఇంధనం చాలదని తేలాక, పైలట్ వెనక్కి తిరిగి, వాతావరణం చూడటానికి నడి అట్లాంటిక్‌లో కాపలా ఉన్న ‘బిబ్’ అనే కోస్ట్ గార్డ్ ఓడ పక్కనే దిగాడు. లోపల 69 మంది. పెద్ద అలలు, విమానం ముక్కు ఓడకు గుద్దుకుంది కూడా. ఐనా తెప్పల మీద ఒక్కో విడతగా అందర్నీ దించారు, ఒక్క ప్రాణం పోలేదు. ఖాళీ విమానాన్ని చివరికి ఓడ తుపాకులతో ముంచేశారు, దారిన పోయే ఓడలకు అడ్డం కాకుండా. ఆ కాగితం మీద వృత్తం అవసరమే లేదు, కేంద్రంలోనే ఓడ ఉంది.

పేపర్ల గురించి చిన్న హెచ్చరిక. మొదటిరోజు వార్తలో మృతుల సంఖ్యను పెన్సిల్‌తోనే రాయండి. మూడో రోజు వార్త, నివేదిక చూశాక సిరా వాడండి. బతికినవాళ్లు చెప్పిన సమయాల్ని కూడా పెన్సిల్‌తోనే. నీళ్లలో ఉన్నవాడికి గంట గంటలా ఉండదు. వైర్‌లెస్ చిట్టా, ఓడ లాగ్‌బుక్ ఈ రెండింటికే సిరా.

మొదటిసారి చేసేవాళ్లు కావలియర్‌తో కాకుండా కొలంబస్‌తో మొదలుపెట్టండి. పగటి ప్రమాదం, పొట్టి దారి, ఒకే ఓడ, కాగితం ఒక సాయంత్రంలో నిండుతుంది. తర్వాత కావలియర్, దాని తర్వాత రోమ్, ఖార్టూమ్. ‘హవాయి క్లిప్పర్’ అనే ఫ్లయింగ్ బోట్‌ను మాత్రం అన్నిటికీ చివర్న పెట్టుకోండి. 1938 జులై 28న పసిఫిక్ దీవి గువామ్ నుంచి మనీలా వెళ్తూ పదిహేనుమందితో మాయమైంది. వెతకడానికి వెళ్లిన ‘మీగ్స్’ ఓడకు నీళ్ల మీద చమురు తెట్టు తప్ప ఏమీ దొరకలేదు. దానికి పై సగం మాత్రమే గీయండి. కింద చమురు కనబడిన చోటు ఒక్కటే పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. దాని చుట్టూ అల్లిన కుట్ర కథలు ఇంటర్నెట్‌లో చాలా దొరుకుతాయి, వాటికి ఈ కాగితంలో గడి లేదు.